సర్వీసు పెరిగేకొద్దీ మన పాఠం మెరుగవుతోందా? ఎలా నేర్చుకుంటున్నారో చెప్పండి

పటమట_లెక్కలు (స్కూల్ అసిస్టెంట్, విజయవాడ)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న ప్రశ్న ఇది. ఉద్యోగంలో చేరిన మొదటి నాలుగైదేళ్లలో చాలా త్వరగా నేర్చుకుంటాం. క్లాసు అదుపులో ఉంచడం, సిలబస్ టైముకి పూర్తి చేయడం, బోర్డు పని పొందిగ్గా రాయడం, ఇవన్నీ వచ్చేస్తాయి. ఆ తర్వాత సంగతే నాకు అర్థం కావడం లేదు. పాతికేళ్ల సర్వీసు ఉన్న కొందరి పాఠం ఏటికేడూ పదునెక్కుతూనే ఉంటుంది. ఇంకొందరు ఐదో ఏట ఎక్కడ ఆగారో ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఇద్దరికీ పిల్లలంటే ప్రేమే, ఇద్దరూ కష్టపడేవాళ్లే. మరి తేడా ఎక్కడ వస్తోంది?

జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణలో గడపాలని చెప్పింది. 2019లో కేంద్రం టీచర్ల శిక్షణ కార్యక్రమం నిష్ఠా మొదలైంది, 2020 అక్టోబరు నుంచి అది ఆన్‌లైన్‌లో నేర్చుకునే దీక్షా యాప్‌లోకి వచ్చింది. మనందరి ఫోన్లలో ఆ సర్టిఫికెట్లు ఉన్నాయి. నేను తెలుసుకోవాలనుకునేది ఒక్కటే. ఇన్నేళ్లలో మీరు నేర్చుకున్నవాటిలో ఏది మీ క్లాసులోకి వచ్చి నిలబడింది?

బ్రాడీపేట_సైన్స్ (ప్రైవేటు సీబీఎస్ఈ స్కూలు, గుంటూరు)

మాకూ 50 గంటలే మేడం. సగం బోర్డు లేదా ప్రభుత్వ సంస్థల ద్వారా, సగం స్కూల్లోనే. గంటలు పూర్తయ్యాయా లేదా అన్నది అందరూ చూస్తారు. ఆ తర్వాత క్లాసులో ఏం మారిందని మాత్రం నన్ను ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది.

నాకు నిలబడింది ఒకటుంది, రాత్రికి వివరంగా రాస్తాను.

తెనాలి_మాస్టారు (విశ్రాంత ఉపాధ్యాయుడు)

మంచి ప్రశ్న వేశావమ్మా.

మా రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. ఏపీపెప్ అనేవాళ్లం. దాంట్లో నాకు బాగా నచ్చింది టీచర్ సెంటర్. చుట్టుపక్కల బడుల టీచర్లందరం ఒకచోట చేరేవాళ్లం. ఒకరు పాఠం చెప్పేవారు, మిగతావాళ్లం చూసేవాళ్లం, తర్వాత మాట్లాడుకునేవాళ్లం. చెప్పేవాడు పెద్ద నిపుణుడేమీ కాదు, పక్క ఊరి టీచరే. అందుకే ధైర్యంగా ప్రశ్నలు అడిగేవాళ్లం. "నువ్వు ఆ పిల్లాడి జవాబు వినకుండా ముందుకెళ్లిపోయావయ్యా" అని నాతో అన్నవాళ్లున్నారు. ఆ మాట రిటైరయ్యేదాకా నాతోనే ఉంది.

ఇప్పటి క్లస్టర్ కాంప్లెక్స్ మీటింగు కూడా పుట్టింది ఈ ఆలోచనతోనే. దగ్గర దగ్గర బడులు ఒక కాంప్లెక్సుగా ఏర్పడి ఒకదానికొకటి తోడవ్వాలని 1964-66 నాటి కొఠారీ కమిషనే చెప్పింది. సమాచారాలూ, ఫార్మాట్లూ నింపడానికే పూట గడిచిపోతే పాఠం గురించి మాట్లాడుకునే టైము ఎక్కడిది? ఆ పూటని తిరిగి పాఠానికి ఇచ్చెయ్యాలి. కొత్త పథకమేదీ అక్కర్లేదు.

కొత్త_ఎస్జీటీ (ప్రైమరీ టీచర్, గుంటూరు జిల్లా)

నమస్తే మాస్టారూ, మేడం. నేను మెగా డీఎస్సీ 2025లో సెలెక్టయ్యాను. బోయపాలెం డైట్‌లో (జిల్లా టీచర్ శిక్షణ సంస్థ) చదివాను. డైట్‌లో నేర్చుకున్న పాఠ్య ప్రణాళికకీ నా క్లాసుకీ మధ్య చాలా దూరం కనిపిస్తోంది. రెండు, మూడు తరగతులు ఒకే గదిలో. మూడో తరగతిలో కొందరు గుణింతాలు గడగడా చదువుతారు, వత్తు వచ్చేసరికి ఆగిపోతారు. ఇంకొందరు వాక్యమంతా చదివేసి, ఏం చదివావురా అంటే బిక్కమొహం వేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అనుభవం వస్తే అదే తెలుస్తుందని అందరూ అంటున్నారు. నిజంగా అదే వస్తుందా?

ఎంఈడీ_చదువరి (విజయవాడ)

అదే రాదండి. దీనిమీద పరిశోధన ఉంది. క్రాఫ్ట్, పేపే అనే ఇద్దరు 2014లో అమెరికాలోని ఒక పెద్ద జిల్లా టీచర్ల పదేళ్ల ప్రగతి చూశారు. తోటి టీచర్ల సహకారం, హెచ్‌ఎం మద్దతు, బడిలో క్రమశిక్షణ లాంటివి బలంగా ఉన్న స్కూళ్లలోని టీచర్లు, అవి బలహీనంగా ఉన్న స్కూళ్లలోని వాళ్లకంటే 38 శాతం ఎక్కువ మెరుగయ్యారు. సర్వీసు సమానమే, పనిచేసిన బడి వేరు. మేడం అడిగిన తేడాకి ఇది కొంత జవాబు. అక్కడి లెక్క మనకి యథాతథంగా వర్తిస్తుందని అనను కానీ, దిశ మాత్రం నేను చూసినదానితో సరిపోతోంది.

ఇంకో విషయం. లీ షుల్మన్ అనే విద్యావేత్త 1986లో ఒక ముఖ్యమైన మాట చెప్పారు. సబ్జెక్టు తెలియడం ఒకటి, బోధన పద్ధతులు తెలియడం ఒకటి. ఈ పాఠంలో పిల్లలు సరిగ్గా ఎక్కడ తడబడతారు, ఎందుకు తడబడతారు, అప్పుడు ఏ ఉదాహరణ పనికొస్తుంది అన్నది మూడోది. ఈ మూడోదే టీచరుకి సొంతమైన జ్ఞానం. లెక్కల్లో ఎంఎస్సీ చేసినవాడికి ఉండాలని లేదు, పద్ధతుల పుస్తకం బట్టీ పట్టినవాడికీ ఉండాలని లేదు. మన శిక్షణల్లో మొదటి రెండిటికే చోటు ఎక్కువ.

పటమట_లెక్కలు

చదువరి గారూ, మీరు చెప్పిన మూడోదానికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

ఆరో తరగతిలో 0.45, 0.7 ఇచ్చి ఏది పెద్దది అంటే చాలామంది 0.45 అంటారు. నలభై ఐదు ఏడుకంటే పెద్దది కదా అని. "చివర సున్నా చేర్చి 0.70 చెయ్యి, ఇప్పుడు పోల్చు" అని చెప్తే ఆ రోజుకి అందరికీ వస్తుంది. నెల తిరిగాక మళ్లీ మామూలే. మా స్కూల్లో లెక్కలు చెప్పేవాళ్లం కలిసి కూర్చుని ఆ నోటుబుక్కులన్నీ ముందేసుకున్నాం. పిల్లల్ని పిలిచి, "ఇలా ఎందుకు రాశావు?" అని మెల్లిగా అడిగాం.

మనం దాన్ని "పాయింట్ నలభై ఐదు" అని చదువుతాం. వాళ్లకి వినపడేది నలభై ఐదే. తర్వాత డబ్బులు. 2.50ని రెండు రూపాయల యాభై పైసలు అంటాం కాబట్టి పాయింటుకి ఇవతల ఒక లెక్క, అవతల వేరే లెక్క అనుకుంటారు. మాకు అస్సలు తట్టనిది క్రికెట్. 4.5 ఓవర్ల తర్వాత ఇంకో బంతి పడితే 5 ఓవర్లు! అంటే ఆ పిల్లాడి లెక్కలో 4.5కి 0.1 కలిపితే 5. స్కోరుబోర్డు మీద రోజూ చూసేదాన్ని వాడు ఎందుకు కాదంటాడు? అక్కడున్న చుక్క ఆరు బంతుల లెక్క, మన పాఠంలోది పది భాగాల లెక్క అని విడమరిచి చెప్పేదాకా వాడి బుర్రలో రెండూ ఒకటే.

ఇప్పుడు మేం పదికి పది గళ్ల చదరం ఇచ్చి రంగులు వేయిస్తున్నాం. 0.7కి ఏడు నిలువు వరసలు. 0.45కి నాలుగు వరసలు, పైన ఐదు గళ్లు. కంటికి కనపడ్డాక సున్నా చేర్చే పద్ధతి చెప్తాం. ఇంకొకటి కూడా గమనించాం. కొందరు పిల్లలు "పాయింటు తర్వాత అంకెలు ఎక్కువుంటే చిన్న సంఖ్య" అని సొంతంగా ఒక నియమం పెట్టుకుంటారు. వాళ్లు 0.45, 0.7 జతకి సరైన జవాబే రాస్తారు! అందుకే 0.83, 0.6 జత కూడా ఇవ్వాలి. అక్కడ బయటపడతారు. టెస్టు పేపరు తయారుచేసే తీరే మారిపోయింది మాకు.

ఇది మాకు ఏ మాడ్యూలూ చెప్పలేదు. శిక్షణ ఇచ్చే ఏ రిసోర్స్ పర్సన్‌నీ తప్పుపట్టడం కాదు, హాల్లో వందమంది ముందు నిలబడి మా ఆరో తరగతి నోటుబుక్కు గురించి వాళ్లు ఎలా చెప్తారు?

అరండల్‌పేట_ఫిజిక్స్ (జూనియర్ కాలేజీ లెక్చరర్, గుంటూరు)

మేడం రాసింది చదివి చాలా సంతోషమేసింది. మా కార్పొరేట్ కాలేజీల వైపు నుంచి కూడా ఒక మాట.

మాకు పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఖాళీ ఉండదు. ఒకే చాప్టర్ సెక్షన్ తర్వాత సెక్షన్‌కి చెప్పాలి. కాలేజీ చూసేది ర్యాంకులు. కానీ వారం వారం పెట్టే ఓఎంఆర్ టెస్టుల్లో ఒక నిధి ఉంది. ఏ ప్రశ్నకి ఎంతమంది ఏ తప్పు ఆప్షన్ పెట్టారో ఆ షీట్లలోనే ఉంటుంది. నేను మార్కుల లిస్టు పక్కనపెట్టి అది చూస్తాను. బల్ల మీద పుస్తకం ఉంది, దాని బరువుకి ప్రతిచర్య ఏది అంటే బాగా చదివే పిల్లలు కూడా బల్ల పైకి నెట్టే బలం అంటారు. రెండూ సమానం, వ్యతిరేక దిశలు, ఇంకేం కావాలి అనుకుంటారు. ఆ రెండూ ఒకే పుస్తకం మీద పనిచేస్తున్నాయి, చర్య, ప్రతిచర్య ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి అన్న సంగతి జారిపోతుంది. పుస్తకం భూమిని పైకి లాగుతోందని ఒప్పుకోవడానికి వాళ్లకి టైము పడుతుంది. ఆ టైము ఇవ్వాలి. ఫార్ములా చెప్పి పోతే పరీక్ష దాకా ఆ తప్పు అలాగే ఉంటుంది.

లెక్చరర్లకి ఇంజినీరింగ్, మెడికల్ ఎంట్రన్స్ ప్రశ్నలు సాధించడమే అభివృద్ధి అని ఒక అభిప్రాయం ఉంది. అది కావాలి, కాదనను. దాంతో మన సబ్జెక్టు పెరుగుతుంది. పిల్లవాడి ఆలోచన తెలియాలంటే మాత్రం వాడి తప్పు దగ్గరికి పోవాల్సిందే.

మంగళగిరి_ఎస్జీటీ

మీరంతా మంచి విషయాలు మాట్లాడుతున్నారు. నా బాధ వేరు, చెప్పుకోనివ్వండి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా. రిటైర్మెంటుకి ఐదేళ్లకి మించి ఉన్న ఇన్‌సర్వీస్ టీచర్లు రెండేళ్లలో టీచర్ అర్హత పరీక్ష టెట్ పాసవ్వాలని. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు ఉద్యోగంలో కొనసాగవచ్చు, ప్రమోషన్ కావాలంటే వాళ్లకీ తప్పదు. నేను చేరిన రోజుల్లో టెట్ అనేదే లేదు, 2010లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నోటిఫికేషన్ తర్వాత వచ్చింది. నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లలు ఇవాళ టీచర్లయ్యారు. ఇప్పుడు ఇంటి పని, బడి పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని బిట్లు చదువుతున్నాను. చదవడానికి నాకు కష్టం లేదు. ఇన్నేళ్ల పనికి విలువ లేదన్నట్టు అనిపించడమే కష్టంగా ఉంది.

కృష్ణలంక_హెచ్ఎం (విజయవాడ)

మేడం, మీ బాధ న్యాయమైనది. మా స్టాఫ్‌లో కూడా అందరూ ఇదే మాట అంటున్నారు.

నాదొక సలహా. టెట్ 150 మార్కుల్లో 30 శిశు వికాసం, బోధనా శాస్త్రానివి. ఆ భాగం బిట్లుగా కాకుండా మీ క్లాసులో పిల్లల్ని తలుచుకుంటూ చదవండి. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన పియాజే, వైగోట్స్కీ చెప్పినవి మీరు రోజూ చూస్తున్నవే, పేర్లు మాత్రమే కొత్త. మా దగ్గర ఇద్దరు టీచర్లు అలాగే కలిసి చదువుకుంటున్నారు. ఒకరు సిద్ధాంతం చదివితే రెండోవారు తమ క్లాసులోంచి ఉదాహరణ చెప్తారు. పరీక్ష మీ అనుభవాన్ని కొలవలేదు, అది నిజం. ఆ చదువు మాత్రం వృథా పోదు.

సత్యనారాయణపురం_ఇంగ్లిష్

2020-21 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాక సైన్స్, సోషల్ టీచర్లు చాలామంది నా దగ్గరికి వచ్చేవారు. తెలుగు మీడియంలో చదివి, తెలుగులో అద్భుతంగా పాఠం చెప్పేవాళ్లు ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో చెప్పాలంటే గొంతు తగ్గిపోవడం చూశాను. వాళ్ల సబ్జెక్టు ఎక్కడికీ పోలేదు. క్లాసులో వాడే ఇంగ్లిష్ కావాలి, అంతే. ప్రశ్న అడగడం, విడమరచడం, పిల్లాడి సగం వాక్యాన్ని అందుకుని పూర్తిచేయడం. నేను బెంగళూరులోని దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థలో 30 రోజుల కోర్సు చేశాను. నెలరోజులు ఇల్లు వదిలి ఉండటం ఆడవాళ్లకి తేలిక కాదు, అయినా అవకాశం వస్తే వదలొద్దంటాను. అక్కడ మన పాఠాన్ని మనమే రికార్డు చేసుకుని వినే అలవాటయ్యింది నాకు.

అదే అందరికీ చెప్తాను. ఫోను టేబుల్ మీద పెట్టి ఒక పీరియడ్ రికార్డు చేసి ఇంటికెళ్లి వినండి. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త 1970ల్లో గమనించిన సంగతి ఏమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను కూడా ఆగరు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు నోరు విప్పుతారు. మూడు సెకన్ల నిశ్శబ్దం క్లాసులో చాలా పెద్దగా అనిపిస్తుంది. అలవాటు చేసుకోవాలి. రెండో భాషలో జవాబు వెతుక్కునే పిల్లలకి ఇది మరీ అవసరం.

బ్రాడీపేట_సైన్స్

రాస్తానన్నది ఇదీ. ఎనిమిదో తరగతివాళ్లని ఎండాకాలం ఎందుకొస్తుంది అంటే, భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుంది కాబట్టి అంటారు. పెద్దవాళ్లు కూడా అదే అంటారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జులై మొదట్లో 15.2 కోట్లు. బెజవాడ ఎండలు దూరం వల్ల అయితే సంక్రాంతికి గొడుగు వేసుకోవాలి!

ఇది చెప్తే పిల్లలు రాసుకుంటారు, నమ్మరు. మేం నీడ కొలిపించడం మొదలుపెట్టాం. గ్రౌండులో ఒక కర్ర పాతి, మధ్యాహ్నం నీడ నెలనెలా గుర్తుపెట్టిస్తాం. మన గుంటూరు, విజయవాడలకి సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు నడినెత్తికి వస్తాడు. మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి. మేలో బడి ఉండదు కాబట్టి ఆగస్టులో చూడాలి. గడియారంలో పన్నెండు కాదు, ఇంకో పది పదిహేను నిమిషాలు దాటాక. మబ్బు పడితే ఆ ఏడాదికి పోయినట్టే. నీడ కర్ర అడుగుకి చేరి మాయమైనప్పుడు పిల్లలు వేసే ప్రశ్నలు వినాలి, పుస్తకంలో ఒక్కటీ ఉండదు. "మరి అదే ఎండ ఆగస్టులో మేలో అంత ఎందుకు లేదు సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. మబ్బులు, వాన, నేల తడి, ఇంకో రెండు క్లాసులు దానిమీదే నడిచాయి.

ఈ ఆలోచన నాకు వచ్చింది ఓ ఆదివారం సైన్స్ ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లతో మాట్లాడుతుంటే. వాళ్ల చెకుముకి పత్రిక మా స్టాఫ్‌రూంలో ఉంటుంది. విద్యా విధానం పత్రం ఆ 50 గంటలు టీచరు సొంత ఆసక్తిని బట్టి సాగాలని కూడా అంది. ఆ ముక్క ఎవరూ ఎత్తరు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు వెతుక్కున్న గంటలు, నీడ కొలిచిన గంటలు కూడా నా లెక్కలో శిక్షణే.

తెనాలి_మాస్టారు

కొత్త ఎస్జీటీ అబ్బాయి ప్రశ్న కింద పడిపోయింది. బాబూ, నీకు వత్తుల సంగతి చెప్తాను.

తెలుగులో చాలా వత్తులు అసలు అక్షరం తలకట్టు తీసేస్తే వచ్చేలాగే ఉంటాయి. గ, ద, డ చూడు. పిల్లాడికి ఒకసారి చూపిస్తే పోల్చుకుంటాడు. త, న, మ, య, ర, ల వత్తులు అలా కాదు, అక్షరానికీ వత్తుకీ రూపంలో పోలికే ఉండదు. అసలు కష్టం ఇక్కడ. వత్తులన్నీ వరసగా ఒకే వారంలో నేర్పితే పిల్లాడు గందరగోళపడతాడు. తేలికవి గబగబా దాటించి, ఈ ఆరిటికీ రోజులు కేటాయించు. అమ్మ, అన్న, అత్త, పిల్ల, కుర్రాడు, కొయ్య. వాడు రోజూ పలికే మాటలే ఇవన్నీ, ముందు మాట పలికించి తర్వాత రాత చూపించు.

ఇక చదివి అర్థం కానివాళ్లు. రోజుకి కొందరిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో నిమిషం చదివించుకో. ఎక్కడ ఆగాడో నీ డైరీలో రాసుకో. నెలకి నీ దగ్గర తయారయ్యే ఆ కాగితం ఏ శిక్షణలోనూ దొరకదు. తరగతి ప్రకారం కాకుండా చదివే స్థాయిని బట్టి గుంపులు చెయ్యి, రెండు తరగతులు ఒకే గదిలో ఉండటం అప్పుడు నీకు కలిసొస్తుంది.

కొత్త_ఎస్జీటీ

చాలా థాంక్స్ మాస్టారూ. ఆ ఆరు వత్తుల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. సోమవారం నుంచి మొదలుపెడతాను. నా పాఠం చూసి చెప్పడానికి మాత్రం ఎవరూ లేరండి, మాది ఇద్దరు టీచర్ల బడి.

కృష్ణలంక_హెచ్ఎం

ఇద్దరున్నా చాలు. మేం చేసే పద్ధతి చెప్తాను. పాఠం చూసేవారు ముందే అడుగుతారు, "నేను ఏం గమనించాలి?" అని. చెప్పేవారు ఒక్క ప్రశ్న ఇస్తారు. వెనక బెంచీవాళ్లు ఎప్పుడు పాఠం వదిలేస్తున్నారు, అలాంటిది. చూసేవారు కళ్లు టీచరు మీద కాక పిల్లల మీద పెడతారు. మార్కులు లేవు, ఫార్మాట్ లేదు, రిజిస్టర్‌లో ఎక్కించం. ఆ రోజు సాయంత్రమే మాట్లాడుకుంటారు. పీరియడ్ సర్దడం హెచ్‌ఎంగా నా పని, అవసరమైతే ఆ క్లాసుకి నేనే వెళ్తాను. తనిఖీకి వచ్చినట్టు ఒక్కసారి అనిపించినా టీచరు ఆ రోజు నుంచి తలుపు మూసుకుంటారు, అందుకే కాగితం పెట్టనివ్వను.

జపాన్‌లో ఇదే పని వందేళ్లకు పైగా చేస్తున్నారు. కొందరు టీచర్లు కలిసి ఒక్క పాఠం తయారుచేస్తారు, ఒకరు చెప్తే మిగతావాళ్లు పిల్లల్ని గమనిస్తారు, పాఠాన్ని దిద్దుతారు.

ఎంఈడీ_చదువరి

హెచ్‌ఎం గారూ, మీలాంటి హెచ్‌ఎం లేని బడి సంగతేమిటి? అన్ని భారాలూ టీచరు మీద వేసి "మీరే కలిసి నేర్చుకోండి" అంటే కూడా న్యాయం కాదు. బోధనేతర పనులు తగ్గించాలి, డైట్‌లలో ఖాళీలు ఉంచకూడదు, కాంప్లెక్స్ మీటింగులో పాఠానికి గంటలు కేటాయించాలి. ఇవి అడుగుతూనే ఉండాలి. దయచేసి ఈ మాట మర్చిపోవద్దు.

పటమట_లెక్కలు

ఒప్పుకుంటాను చదువరి గారూ, అది అడగాల్సిందే. అప్పటిదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం.

వచ్చే రెండో శనివారం మధ్యాహ్నం మా ఇంటి దగ్గర కలుద్దామా? పటమటలో, బెంజి సర్కిల్‌కి దగ్గరే, గుంటూరు నుంచి వచ్చేవాళ్లకి బస్సు తేలిక. ప్రసంగాలు వద్దు. ప్రతి ఒక్కరూ పిల్లల నోటుబుక్కుల్లోంచి ఒకే రకం తప్పు ఉన్న పేజీలు తీసుకురండి, పేర్లు కనపడకుండా జిరాక్స్ చేసి. ప్రైవేటు, ప్రభుత్వం, కాలేజీ తేడా లేదు. రాలేనివాళ్లకి ఫోనులో కలుపుతాం.

మంగళగిరి_ఎస్జీటీ

నేను వస్తానండి. మూడో తరగతి తీసివేతలు తెస్తాను. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాసిన పేజీలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఏడులోంచి రెండు తీసేసి ఐదు వేస్తారు, పైన ఉన్నది చిన్న అంకె అయినా సరే. పుల్లల కట్టలతో చేయిస్తే సరిగ్గా చేస్తారు, నోటుబుక్కులోకి రాగానే మళ్లీ 35. కట్ట విప్పడానికీ కాగితం మీద రాతకీ మధ్య ఏ మెట్టు వదిలేస్తున్నామో మీరంతా చూసి చెప్పాలి.